చూసుకునే మనిషి

ఉద్యోగినుల హాస్టలు, పై అంతస్తు గది
ఆదివారం

వదినకి,

దరఖాస్తు నిన్న ఇచ్చేశాను. ఆరోగ్య నిధి ఆఫీసులో వరస వరండా దాటి మెట్ల దాకా ఉంది. సరిగ్గా నా వంతు వచ్చేసరికి కిటికీ దగ్గరి గుమాస్తా టీకి లేచాడు. తిరిగొచ్చాక కాగితాలన్నీ ఒకసారి తిరగేసి ముద్ర వేశాడు. పరంజా కూలినప్పటి ఎక్స్‌రే, ఆసుపత్రి వాళ్ళిచ్చిన చీటీలు, అన్నయ్యకి ఇక కాళ్ళు రావని డాక్టరు రాసిన సర్టిఫికెట్, అన్నీ జతచేశాను. మంజూరైతే ఇంటికి ఒక సహాయకుణ్ణి పంపుతారట. అతని జీతం నిధే ఇస్తుంది. అన్నయ్యని పనికి పెట్టుకున్న మేస్త్రీలాగా మొదటి వారం ఆసుపత్రి బిల్లు కట్టి, తరవాత ఫోను ఎత్తకుండా పోయేవాళ్ళు కారు వీళ్ళు.

చివర్లో 'ఇతర వివరాలు' అని రెండు గీతలు వదిలారు. నాకవి చాలలేదు. విడిగా ఒక పేజీ రాశాను, నీ గురించే. 'మా వదినగారు మా అన్నయ్యను కంటికి రెప్పలా చూసుకుంటున్నారు. ఎదురుగా ఉన్న బడిలో గంట కొట్టినప్పుడల్లా ఆయనను గోడవైపు నుంచి కిటికీవైపుకు, కిటికీవైపు నుంచి గోడవైపుకు తిప్పుతారు. ఇన్ని నెలలుగా మంచం మీదున్నా ఆయన ఒంటి మీద ఒక్క పుండు లేదు. ఇలాంటి సంరక్షణ ఆసుపత్రిలో కూడా దొరకదని నర్సులే అన్నారు' అని రాశాను. పిల్లల వ్యాసాలు దిద్దినంత జాగ్రత్తగా దిద్దుకుని, మళ్ళీ శుభ్రంగా తిరగరాశాను.

మన ఇంట్లో కాలేజీ గడప తొక్కినదాన్ని నేనొక్కదాన్నే. అన్నయ్య ఊళ్ళోవాళ్ళ గోడలకి రంగులు వేసి నా ఫీజులు కట్టాడు. ఆ చదువుతో ఇంటికి చేసిన మొదటి పని ఇదే అనిపించి, వచ్చేటప్పుడు బస్సెక్కకుండా నడిచి వచ్చాను.

ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు, సెలవు అడగడానికి లేదు. అన్నయ్యకి చెప్పు.

నీ ఆడపడుచు


ఇంటి నుంచి, వంటగది గట్టు దగ్గర
గురువారం

పంతులమ్మకి,

నీ ఉత్తరం అందింది. నువ్వు నా గురించి రాసింది చదువుకుని, ఈవిడెవరో మహా ఇల్లాలు, ఒకసారి చూసొస్తే బాగుండుననుకున్నాను.

అక్షరాలు వంకరగా ఉన్నాయని ఎర్ర పెన్ను తియ్యకు. ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని దాని మీద రాస్తున్నాను. ఫోను చెయ్యొచ్చుగా అని నువ్వు అడుగుతూనే ఉంటావు. ఉన్నది ఒక్క గది, దానికి అతుక్కుని ఈ వంటిల్లు. నేను దగ్గినా మీ అన్నయ్య 'ఏమైంది?' అంటాడు. ఇక ఫోనులో నేను ఏం మాట్లాడగలను చెప్పు. రాస్తుంటే మాత్రం సరుకుల చీటీ అనుకుంటాడు.

ఆయన బాగానే ఉన్నాడు. గోడవైపు తిప్పినప్పుడు గోడకి వంకలు పెడతాడు. 'ఈ ఇంటికి రంగు వేసినవాడెవడో చెయ్యి విరగ్గొట్టాలి, పుట్టీ పెట్టకుండా పైపైన పూసి పోయాడు' అని రోజూ ఒకటే పాట. వేసింది ఆయనే, మనం ఇందులో దిగిన ఏడాది. ఆ మాట అంటే 'అప్పుడు తొందరలో వేశాలే' అంటాడు. కిటికీవైపు తిప్పితే మాట్లాడడు. బడి పిల్లల్ని చూస్తుంటాడు.

పక్క వాటాలో బట్టలు కుట్టే మిషనావిడ రోజూ వచ్చి పలకరిస్తోంది. నాకు ఏ కష్టమూ లేదు. కాస్త నిద్ర చాలట్లేదు, అంతే. సాయం మనిషి వస్తే ఒక పూటైనా పడుకుంటాను. లేదంటే లేదు.

నువ్వు పంపిన డబ్బు తిప్పి పంపుతున్నాను. నీ చెప్పులు తెగిపోయాయని కిందటి ఉత్తరంలో నువ్వే రాశావు.

వదిన


ఇంటి నుంచి
శనివారం

పంతులమ్మకి,

నిధి ఆఫీసు నుంచి కవరు వచ్చింది. ఇవ్వరట.

నాకు అర్థమైనంత వరకూ రాస్తున్నాను. 'రోగికి ఇంట్లో చూసుకునే మనిషి ఉన్నారు. దరఖాస్తుతో జతచేసిన లేఖ ప్రకారం సంరక్షణ ఆసుపత్రి స్థాయిలో అందుతోంది. కనుక నిధి నుంచి సహాయకుణ్ణి నియమించవలసిన అవసరం కనిపించడం లేదు.' ఇదీ సంగతి. నువ్వు రాసిన మాటలే అందులో తిరిగి రాశారు. ఒక్క పుండు లేదన్నది కూడా ఉంది.

నువ్వేమీ బాధపడకు. నువ్వు మంచి చెయ్యబోయావు.

మిషనావిడకి చదివి వినిపిస్తే పడీపడీ నవ్వింది. 'పిచ్చిదానా, ఆయనకి విడాకులిచ్చెయ్యి. ఇచ్చి మర్నాడు సాయం మనిషిగా చేరు. అదే గది, అదే మంచం, నెల తిరిగేసరికి జీతం' అంది. నేనూ నవ్వాను. మీ అన్నయ్య లోపలి నుంచి 'ఏమిటా నవ్వు?' అన్నాడు. ఏమీ లేదన్నాను.

గంట కొట్టారు. ఉంటాను.

వదిన


బడి, టీచర్ల గది
బుధవారం

వదినా,

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి నాకు పాఠం చెప్పడం కూడా సరిగ్గా కుదరడం లేదు. పిల్లలు అడిగిందే మళ్ళీ అడుగుతున్నారు. నిన్న ఒంట్లో బాగా లేదని అబద్ధం చెప్పి, మధ్యాహ్నం నుంచి నిధి ఆఫీసులో కూర్చున్నాను.

అదే గుమాస్తా. చెడ్డవాడేమీ కాదు, అలిసిపోయి ఉన్నాడు. ఫైలు తీసి నా పేజీ మీద వేలు పెట్టి చూపించాడు.

'ఇది రాసింది మీరేనా?'

'నేనేనండీ.'

'చాలా బాగా రాశారమ్మా. ఇంత బాగా చూసుకునే మనిషి ఇంట్లో ఉంటే మేం ఇంకొకరిని ఎందుకు పంపుతాం? ఎవరూ లేనివాళ్ళే బోలెడంతమంది వరసలో ఉన్నారు.'

'ఇంట్లో ఉన్న మనిషికి మరి ఎవరు డబ్బిస్తారండీ?'

'భార్యకి డబ్బేమిటమ్మా!' అన్నాడు. వెటకారమేమీ లేదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు. 'భార్యలకి ఇవ్వడం మొదలెడితే ఇంటింటికీ ఇవ్వాలి. నిధి నెల తిరక్కుండా ఖాళీ.'

'అంటే ఇంటింటా ఎవరో ఒకరు ఊరికే చేస్తున్నారని మీకు తెలుసన్నమాట' అన్నాను. ఆయన నా వెనకాల ఉన్నాయన్ని పిలిచాడు.

కానీ వచ్చేస్తుంటే మళ్ళీ ఆయనే కేకేసి దారి చెప్పాడు. అప్పీలు చేసుకోవచ్చట. దానికి నీ సంతకంతో ఒక కాగితం కావాలి, 'నేను చూసుకోలేకపోతున్నాను' అని. ఆ తరవాత ఒక అధికారి ఇంటికొచ్చి చూస్తారు. వచ్చిన రోజు ఇల్లు సర్దొద్దు వదినా. దుప్పటి మార్చొద్దు. ఎలా ఉన్నది అలా ఉండనివ్వు.

కాగితం నేనే రాసి ఇందులో పెడుతున్నాను. ఈసారి రెండే వాక్యాలు. నువ్వు కింద సంతకం చేస్తే చాలు.

నీ ఆడపడుచు


ఇంటి నుంచి
ఆదివారం

పంతులమ్మకి,

నువ్వు పంపిన కాగితం మడిచి అలాగే వెనక్కి పంపుతున్నాను. సంతకం చెయ్యలేదు. చెయ్యను.

నువ్వు చదువుకున్నదానివి, నీకు అది రెండు వాక్యాలు. నాకు అలా కాదు. ఆయన పడిన రోజు ఆసుపత్రిలో మీ చుట్టాలంతా చేరి, 'ఈ పిల్ల ఎన్నాళ్ళు చూస్తుందిలే, నెల తిరిగేసరికి పుట్టింటికి పోతుంది' అని నాకు వినబడేలాగే అన్నారు. నేను పోలేదు. ఇన్ని నెలలూ ఆయన్ని కడిగి, తుడిచి, మూత్రం సంచీ మార్చి, కాళ్ళకి వ్యాయామం చేయించి, ఆయన విసుక్కుంటే పడి, ఇప్పుడు నా చేత్తో నేనే చూసుకోలేనని రాసి ఇవ్వాలా? అది అక్కడ ఏ బీరువాలోనో ఉండిపోతుంది. రేపు ఎవరైనా తీసి చదువుతారు.

బాగా చేస్తే సాయం లేదట. చెడగొడితే ఇస్తారట. పుండు పడనిస్తే ఇస్తారేమో అడుగు.

కోపంలో రాశాను. కొట్టెయ్యడం లేదు, ఉండనీ.

మీ అన్నయ్యకి కూడా చెప్పేశాను. నవ్వుతూనే చెప్పాననుకో. 'వినండి చోద్యం, మీ చెల్లెలు నన్ను చేతగానిదాన్నని రాసివ్వమంటోంది' అని. ఆయన నవ్వలేదు. 'నన్ను గోడవైపు తిప్పు' అన్నాడు. ఇంకా గంట కొట్టలేదుగా అన్నా వినలేదు.

వదిన


హాస్టలు గది
శుక్రవారం

వదినా,

నువ్వు కోపంలో రాసింది కొట్టెయ్యనందుకు సంతోషం. ఆ ఉత్తరం చాలాసార్లు చదివాను. ఆ చుట్టాల మాట ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు?

అప్పీలు మాత్రం వేశాను. నీ సంతకం లేకుండా, అన్నయ్య పేరు మీద, ఒకసారి ఇంటికొచ్చి చూడమని మాత్రమే అడిగాను. చూడ్డానికి మనిషిని పంపడానికి ఒప్పుకున్నారు, కానీ వచ్చేది ఎప్పుడో చెప్పరట. నువ్వు చెయ్యలేనని అనక్కర్లేదు. అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు చెప్పు.

మొన్న మిషనావిడ నాకు ఫోను చేసింది. 'మీ వదిన సంగతి కాస్త కనుక్కో' అని, ఏమిటని అడిగితే 'నన్ను చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది' అని పెట్టేసింది. ఏమిటది వదినా?

ఈసారీ కాదంటే నేను వచ్చేస్తాను. ఉద్యోగం మళ్ళీ దొరక్కపోదు.

నీ ఆడపడుచు


ఇంటి నుంచి
మంగళవారం, బయట వాన

పంతులమ్మకి,

ఉద్యోగం మానేసి వస్తానని ఇంకెప్పుడూ రాయకు. ఆ ఉత్తరం నేను దాచే లోపల ఆయన అడిగాడు. చదివి వినిపించాను. ఆ ఒక్క ముక్కా వదిలేద్దామనుకున్నా గానీ, గొంతు తడబడింది, ఆయన కనిపెట్టేశాడు.

నిన్న అధికారి వచ్చింది. నడివయసావిడ, తడిసిన గొడుగు ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తోనే పట్టుకుని నిలబడింది. నువ్వు సర్దొద్దన్నావు. ఆవిడ సందు మొదట్లో ఉందని మిషనావిడ పరిగెత్తుకొచ్చి చెప్పగానే నా చేతులు ఆగలేదు. దుప్పటి మార్చాను. ఆయనకి ఇస్త్రీ చొక్కా తొడిగాను. తల దువ్వాను. ఎవరో ఇంటికొస్తుంటే మొగుణ్ణి మాసిన చొక్కాతో ఎలా చూపించను? నువ్వే చెప్పు.

ఆవిడ గది చూసింది, స్నానాల గది చూసింది, కాళ్ళు మడమల దాకా చూసింది. 'చాలా శుభ్రంగా ఉంచారండీ' అంది. నాకు సంతోషం వేసింది. ఆ వెంటనే, అయిపోయింది, మళ్ళీ నేనే చెడగొట్టాను అనుకున్నాను.

ఆవిడ మంచం పక్కన కుర్చీ వేసుకుని ఆయన్ని అడిగింది. 'రోజూ మిమ్మల్ని చూసుకునేది మీ ఆవిడేనా?'

'ఈవిడే. వేరే గతి లేదుగా' అన్నాడు.

'బాగా చూసుకుంటారా?'

నేను నవ్వుమొహం పెట్టుకుని నిలబడ్డాను.

'ఏం చూసుకోవడమండీ! మొన్నామధ్య స్నానాల గదిలో నన్ను ఎత్తి కింద పడేసింది.'

పంతులమ్మా, అది నిజం. వానలు మొదలవకముందు జరిగింది. కుర్చీలోంచి లేపుతుంటే నా భుజంలో ఏదో కలుక్కుమంది, ఇద్దరం తడి నేల మీద పడ్డాం. నేను లేవలేకపోయాను, ఆయన ఎలాగూ లేవలేడు. మిషనావిడ వచ్చేదాకా అలాగే పడి ఉండి ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అప్పుడే అనుకున్నాం, ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదని. ముఖ్యంగా నీకు. ఆయనే అన్నాడు ఆ మాట.

ఆపమని సైగ చేశాను. నా వైపు చూడనే లేదు.

'అన్నం పెడుతూ పెడుతూ నిద్రపోతుందండీ. చెంచా నా నోట్లో ఉంటుంది, ఈవిడ కళ్ళు మూతలు పడుతుంటాయి. ఆ చెంచా కొరుక్కుంటూ నేను కూర్చోవాలి. కుడి చెయ్యి భుజం దాటి లేవదు. జడ పక్కింటావిడ చేత వేయించుకుంటుంది, నాకు తెలియదనుకుంటుంది. నడుముకి పట్టీ కట్టుకుంటుంది. నాకు ఈవిడ వద్దండీ. జీతం తీసుకుని పని చేసే మనిషిని పంపండి. అలాంటివాళ్ళనైతే నోరారా తిట్టుకోవచ్చు.'

అధికారి నా వైపు తిరిగి, 'ఒకసారి చెయ్యి పైకెత్తండి' అంది. ఎత్తాను. భుజం దాకా వచ్చి ఆగిపోయింది. ఇంకొంచెం ఎత్తాలని చూశాను, కళ్ళలో నీళ్ళొచ్చాయి. 'డాక్టరుకి చూపించారా?' అంది. 'తీరిక లేదండీ' అన్నాను. తన కాగితం మీద ఏదో రాసుకుంది. గొడుగు తీసుకుని, గుమ్మం దగ్గర నా వీపు మీద చెయ్యి వేసి, వెళ్ళిపోయింది.

నేను వంటింట్లోకి వెళ్ళి కడిగిన గ్లాసులే మళ్ళీ కడిగాను. గంట కొట్టారు. వెళ్ళాను. తిప్పాక నేనే అడిగాను.

'పరాయి మనిషి ముందు అంత మాట ఎలా అనగలిగారు?'

'అందులో అబద్ధం ఏది?'

'చెప్పకూడదనుకున్నాంగా.'

'అనుకున్నాం. నువ్వు కాగితం మీద చేతకాదని రాయవు, నీకు రోషం. అది ఉద్యోగం మానేసి వస్తానంటోంది, దానికి పంతం. ఇక ఇంట్లో మిగిలింది నేను. పడుకున్నవాడికి పరువేమిటి, నేను చెప్పాను' అన్నాడు. మళ్ళీ తనే, 'పెళ్ళైన దగ్గర్నుంచీ నీ మీద చాడీలు చెప్పుకుందామంటే వినేవాళ్ళు దొరకలేదు. ఇవాళ ఆఫీసే ఇంటికొచ్చింది, వదులుకుంటానా?' అన్నాడు.

నన్ను నవ్వించాలనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు పంతులమ్మా. ఇంకా రాలేదు. ఆయన అలా ఎందుకన్నాడో నాకు తెలుసు. తెలిసినా ఆ మాటలు చెవిలో అలాగే ఉన్నాయి.

వదిన


బడి, టీచర్ల గది
గురువారం

వదినా,

మంజూరైంది. వారానికి మూడు పొద్దుట పూటలు. ఇంకా కావాలని అడిగాను. నిధిలో అంతకు మించి లేదన్నారు. మిగతా రోజులు మళ్ళీ నువ్వే. అయినా ఆ మూడు పూటలూ వచ్చే మనిషి జీతం వాళ్ళే ఇస్తారు.

ఆర్డరులో ఏం రాశారో నీకు ముందే చెప్పడం మంచిది. 'భార్య చేస్తున్న సంరక్షణ సరిపోవడం లేదు, రోగి అసంతృప్తి వ్యక్తం చేశారు' అని ఉంది. నేను అన్నీ సరిచూసుకుని రాసిన పేజీకి కాదన్నారు. అన్నయ్య అన్న నాలుగు పెడసరి మాటలకి ఇచ్చారు. గుమాస్తా 'చూశారా, చెప్పానుగా' అని సంతోషంగానే అన్నాడు. నేను థాంక్స్ చెప్పి వచ్చేశాను. సంతోషపడాలో లేదో తెలియక మెట్ల మీద కాసేపు కూర్చున్నాను.

నువ్వు పడిపోయిన సంగతి దాచినందుకు మొదట నీ మీద కోపం వచ్చింది. తరవాత నీ ఉత్తరాలన్నీ తీసి వరసగా పరుచుకున్నాను. ఒక్కో ఉత్తరానికీ అక్షరాలు ఇంకాస్త కిందికి జారిపోతూ ఉన్నాయి. పిల్లల దస్తూరీ చూసి ఎవరు ఏ చేత్తో రాశారో చెప్పేదాన్ని. నీది చూసి, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని రాస్తోంది కాబోలు అనుకుని ఊరుకున్నాను.

సాయం మనిషి మొదటి పూట వచ్చినప్పుడు నువ్వు డాక్టరు దగ్గరికి వెళ్ళు. భుజం చూపించుకో. ఇది బతిమాలి అడుగుతున్నాను.

నీ ఆడపడుచు


బయట నుంచి, బడి పక్కన బస్‌స్టాపు బెంచీ
సోమవారం పొద్దున

పంతులమ్మకి,

పైన ఏం రాశానో చూశావా? ఎన్నాళ్ళకో ఇంటి నుంచి కాకుండా ఇంకో చోటి నుంచి రాస్తున్నాను. కాగితం ఒళ్ళో సంచీ మీద ఉంది. అక్షరాలకి ఇప్పుడు కారణం నీకు తెలుసు కాబట్టి ఏమీ అననులే.

సాయం మనిషి వచ్చాడు. భారీ మనిషి, మెల్లగా మాట్లాడతాడు. ఆయన్ని తలగడ ఎత్తినట్టు ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టాడు. నేను వెనకాలే తిరుగుతూ, ముందు వేణ్ణీళ్ళు, కాదు, ముందు ఆ సంచీ, ఆ తువ్వాలు కాదు ఈ తువ్వాలు అంటూ ఉన్నాను. అతను ప్రతిదానికీ 'అలాగేనమ్మా' అంటున్నాడు. చివరికి మీ అన్నయ్యకే విసుగొచ్చింది. 'నువ్వు కాస్త బయటికి పో. జీతం తీసుకునేవాణ్ణి పని చేసుకోనీ' అన్నాడు. అతనితో, 'ఈవిడ ఇంతేనండీ, ఎక్కడైనా పడేస్తుంది గానీ ఎవరికీ అప్పజెప్పదు' అన్నాడు. అప్పుడు నవ్వొచ్చింది. ఆయన వినేలాగే నవ్వి, చెప్పులేసుకున్నాను.

డాక్టరు దగ్గరికి వెళ్ళాను. చీటీ ఇచ్చారు. బరువు ఎత్తొద్దన్నారు. మిగతా రోజులు ఎవరు ఎత్తుతారని నేను అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. ఇంటి దాకా వచ్చి, లోపలికి వెళ్తే మళ్ళీ తువ్వాలు సంగతి మాట్లాడతానని ఇక్కడ కూర్చున్నాను. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. కండక్టరు ఎక్కుతావా అన్నట్టు చూస్తున్నాడు. నేను ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదు. అలా కూర్చోవడం కూడా మరిచిపోయాను.

ఒక్కటి అడుగుతాను. నువ్వు మొదట రాసిన పేజీ, నా గురించి రాసింది, చిత్తుప్రతి నీ దగ్గర ఉండే ఉంటుంది. నాకు పంపు. ఆఫీసులో ఇప్పుడు నా గురించి ఇంకోలా రాసి ఉంది, అది అక్కడ ఉండనీ. అందువల్లే నేనిలా కూర్చున్నాను. కానీ ఇంట్లో మాత్రం నువ్వు రాసిందే ఉండాలి.

ఇప్పుడే బడి గంట కొట్టారు. చటుక్కున లేచి రోడ్డు సగం దాకా వెళ్ళిపోయాను, కాగితం చేతిలో పట్టుకునే. ఇవాళ తిప్పడానికి అతనున్నాడని అప్పుడు గుర్తొచ్చింది. వెనక్కి తిరిగాను. మన కిటికీ ఇక్కడికి కనబడుతుంది. లోపల ఆయన తల మెల్లగా ఇటువైపుకి తిరిగింది.

వచ్చి మళ్ళీ కూర్చున్నాను.

వదిన